గోడ దళసరి

గోడకు దళసరి ఉన్నంతకాలము తెలుగువాని యింట గూటికి కొదువ లేకుండెను. మట్టిని నానవైచి, త్రొక్కి, ముద్దలు చేసి, వరుసమీద వరుసగా మూరెడు మందమున లేవనెత్తిన పాతయిండ్ల గోడలలో, ఒక వరుస ఆరి రెండవ వరుసకు పూనుకొనునప్పుడే గూళ్ళకు చోటు విడువవలెను గనుక, ఏ వస్తువు ఎచ్చట నుండవలెనో ఇల్లు లేవకముందే ఇల్లాలు నిర్ణయించుచుండెను: వీధిగుమ్మమున కిరుప్రక్కల దీపములకు రెండు, వంటింట ఉప్పుజాడికొకటి, నట్టింట పంచాంగమునకును కుంకుమభరిణకును ఒకటి, పడకగదిలో, చేయి చాచిన అందునంత ఎత్తున, మంచినీళ్ళ చెంబునకొకటి. పక్షి నివాసమునకును గోడలోని యీ గుంటకును మన భాష ఒకే పేరు పెట్టినది. గూట్లో దీపం, నోట్లో ముద్ద అను సామెత పుట్టిన కాలమున గడియారము లేని పల్లెకు రాత్రి భోజనవేళను చెప్పినది ఆ గూడే. దీపపు గూటి నెత్తిన నాలుకవలె పైకెగసిన మసి, సంక్రాంతికి సున్నము వేసినప్పుడెల్ల మాసిపోయి, పక్షము తిరుగకుండగనే మరల తల యెత్తుచుండెను.

ఇది పేదవాని యింటి సంగతియే యనుకొనరాదు. గోలకొండ కోటలో శిథిలములైన అంతఃపురముల గోడలను చూచినవారికి, వరుసలు తీరి కోణాగ్రములతో నిలిచిన గూళ్ళు ఈనాటికిని కానవచ్చును. సుల్తానునకైనను సామాన్యునకైనను సూత్రమొకటే: వస్తువునకు వేరుగా పెట్టె చేయించుటకు ముందు, గోడనే కొంత తొలిచి చోటు చేయుట.

అయితే బట్టలకు మాత్రము గూడు పనికిరాలేదు. గూటిలో దుమ్ము చేరును, బల్లి చేరును, మట్టిగోడ గనుక చెద చేరును. అందువలన బట్టలు గోడను విడిచి గాలిలో వ్రేలాడినవి. దూలములనుండి రెండు త్రాళ్ళు దింపి వాటిలో వెదురుబొంగు నుంచిన దండెముమీద నిత్యపు బట్టలు. గోడకు కొట్టిన చిలుకకొయ్యకు పెద్దవారి కండువా. ఇక మడిబట్టల దండెము మరింత ఎత్తున, ఎవరి చేయియు తగులనంత పైన ఉండెడిది. తడిచీరను కర్రకొసన పట్టి, పైకెత్తి, ఒక్క విదలింపుతో బొంగుమీద పరచి, ఆ కర్రతోనే అంచులు సవరించు వృద్ధురాలి నేర్పును బాల్యమున చూచినవారికి అది మరపురాదు. అంతయెత్తున ఆరిన చీరను మరల దింపునప్పుడు అది నేలనుగాని పిల్లలనుగాని తాకెనా, స్నానమును చీరయు రెండును మరల మొదటికి వచ్చెడివి.

విలువగల బట్టలు, అనగా పెండ్లిపట్టుచీరలు, జరీకండువాలు, బోషాణములోనికి పోయెను. బోషాణమును పెట్టె యనుట దానికి న్యాయము చేయుట కాదు; అది గదిలోని గది. నలుగురు పట్టినను కదలని ఆ టేకు పేటికలో అడుగున ఇత్తడి బిందెలును, నడుమ దస్తావేజులును, పైన వేపాకును వట్టివేళ్ళును పరచిన బట్టలును ఉండగా, మూతమీద చాప వైచుకొని ఇంటి పెద్ద పరుండెడివాడు. దొంగ రావలెనన్న ముందు ఆయనను లేపవలెను. ఆ టేకు భద్రాచల ప్రాంతపు అడవులలో కొట్టబడి, తెప్పలుగా కట్టబడి, గోదావరిమీద రాజమహేంద్రవరము రేవునకు తేలివచ్చి, అక్కడినుండి బండ్లమీద ఊళ్ళకు చేరినది. తెలంగాణమున సందుగ యన్నను ఇట్టి పేటికయే, కొంచెము చిన్నది. అది అరబ్బుల మాట. తరువాత రైలు వచ్చి, మనుష్యులకు ప్రయాణములు హెచ్చి, చేతికి తేలికయగు రేకుపెట్టె ప్రవేశించెను గాని, దానిని గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

బట్టలు నిలువుగా, తలుపులు గల అరలలో నుండుట అను భావము మనకు సముద్రము మీదుగా వచ్చినది. హైదరాబాదువారి అల్మారా పోర్చుగీసువారి అర్మారియో. దానికి మూలమైన లాటినుమాట ఆయుధములు దాచు చోటునకు పేరు. కోస్తావారి బీరువా కథ ఇంకను చిత్రము. ఫ్రెంచిభాషలో బ్యూర్ అనగా ముతక ఉన్నిబట్ట; ఆ బట్టను పరచి వ్రాసుకొను బల్లకు బ్యూరో యని పేరు వచ్చెను; ఆ బల్లకు సొరుగులును, మీద అరలును, తలుపులును చేరి అదియొక నిలువుపెట్టె కాగా, పేరు మారలేదు; ఆ పెట్టెయే మనయింటికి వచ్చి బీరువాయై తిరిగి బట్టలనే దాచుకొన్నది. బట్టగా బయలుదేరిన మాట ఖండాంతరములు తిరిగి బట్టల యొద్దకే చేరుటలో ఒక న్యాయము కలదని నా కనిపించును.

ఈ బ్యూరోను తెలుగువాడు మొదట ఎక్కడ చూచెను? చూచుట కాదు, చేసెను. పదునెనిమిదవ శతాబ్దమున విశాఖపట్టణమున ఈస్టిండియా కంపెనీ వర్తకుల కొరకు అచ్చటి పనివారు చేసిన గృహోపకరణములు నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమువంటి చోట్ల గాజుతలుపుల వెనుక నున్నవి. ఇంగ్లండునుండి వచ్చిన నమూనాను ముందుంచుకొని, జిట్రేగి, నల్లచేవ మొదలగు కొయ్యలతో బ్యూరోలను, సొరుగుపెట్టెలను, కుర్చీలను నిర్మించి, దంతపుపలకలను అందు పొదిగి, కొన్నిటిని నిలువెల్ల దంతముతోనే కప్పి, ఆ దంతముమీద పూలతీగలను సన్నని గీతలుగా చెక్కి, గీతలలో నల్లని లక్కను నింపిన ఆ పనితనమును చూచినవారు, ఆకారము ఆంగ్లమైనను అంచునగల లత మన కలంకారీ దుప్పటి అంచునుండి దిగివచ్చినదని గుర్తింపక మానరు. ఆశ్చర్యమేమనగా, ఆ బీరువాలు చేసినవాని యింటికిగాని, ఆ వీధివారి యింటికిగాని రాలేదు. ఓడలెక్కి పోయినవి. చేసినవాడు సాయంకాలము ఇంటికి పోయి తన కండువాను చిలుకకొయ్యకే తగిలించుకొన్నాడు. మరి నూరేండ్లకు పైగా గడచినగాని, అదియును జమీందారుల మేడలలోను, వకీళ్ళ గ్రంథముల కొరకును తప్ప, బీరువా మన యిండ్ల గడప దాటలేదు.

జమీందారుల మాట వచ్చినది గనుక, ఈ చరిత్రలో రాజును ప్రస్తావింపక పోరాదు. హైదరాబాదు పాతబస్తీలోని పురానీ హవేలీలో ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖానుని వస్త్రాగారము కలదు. నేడది నిజాం మ్యూజియములో భాగము; 2000 సంవత్సరమునుండి జనులు చూడవచ్చును. సుమారు 176 అడుగుల పొడవుగల హాలు. ఇరువైపుల, ఈ కొసనుండి ఆ కొసవరకు, రెండంతస్తులుగా కొయ్యబీరువాలు. పై అంతస్తు బీరువాలకు పోవుటకు కొయ్యవంతెనవంటి నడవ. సేవకుడు చేతితో త్రిప్పగా పైకి పోవు ఒక లిఫ్టు. ఆయన కట్టిన బట్ట మరల కట్టలేదని ఊరివారు చెప్పుకొందురు. అది నిజమో, రాజులమీద ప్రేమచేత పెరిగిన మాటయో గాని, ఆ నడవలో నిలుచుండి చూచినవానికి, నిజమైయుండిన ఈ హాలు చాలదుకదా యను సందేహము కలుగకపోదు. నేను చూచిన దినమున ఒక తలుపు కొంచెము తెరచియుండెను. అర వెడల్పు మామూలు, లోతు మామూలు, వాసన పాతకొయ్యది. నన్ను నిలిపినది అది కాదు. అన్ని తలుపులు ఒకే కొలత, అన్ని అరలు ఒకే ఎత్తు, ఒకదానిప్రక్క నొకటి, గోడ యెచ్చటను కనబడనట్లు గోడనే మూసివేసినవి. ఒక్క పెట్టెను నిర్ణయించి దానినే పదేపదే కూర్చుట యను పద్ధతిని, నేటివారు మాడ్యులర్ అను పేరుతో దుకాణమున అమ్ముచున్న దానిని, 1911లో గతించిన ఆ ప్రభువు వడ్రంగులు అప్పుడే ఎరిగియుండిరి. భేదమెచ్చటననగా, వారు గదిని బట్టి పెట్టె కొలతను ఏర్పరచిరి. మనము పెట్టె కొలత ముందుగా కొని, తరువాత గదివంక చూచుచున్నాము.

ఆయన కుమారుడు, ఏడవ నిజాము, పాతబట్టలతోనే కాలము గడపినవాడని ప్రతీతి. ఆ వస్త్రాగారమును ఆయన యేమి చేసికొనియుండునో!

సామాన్యుని యింటికి బీరువాను తెచ్చినది ఉక్కు. బొంబాయిలో 1897లో తాళములు చేయుటతో ఆరంభించిన గోద్రెజ్ సోదరుల కర్మాగారము 1923లో ఉక్కుబీరువా చేయనారంభించెను. మొదటి సార్వత్రిక ఎన్నికలకు పండ్రెండు లక్షలకు పైగా ఉక్కుపెట్టెలు చేసియిచ్చినదియు ఆ కర్మాగారమే. హైదరాబాదున 1942లో వెలసిన ఆల్విన్ వారు బస్సులతో పాటు ఉక్కుసామానును చేసిరి. చెద తినదు, ఎలుక కొరకదు, తాళము గట్టిది, లోపల మరియొక తాళము, దానిలో చిన్న లాకరు, దానిలోపల ఎవరికిని తెలియని దొంగ అర, తలుపునకు నిలువుటద్దము. బోషాణము చేసిన పనులన్నియు చేయుచు, దానిమీద పరుండుటకు మాత్రము వీలులేని యీ వస్తువు, ఆడపిల్ల సారెలో మంచము ప్రక్కన చేరిపోయెను. క్రమముగా ప్రతి పట్టణములోను రేకు వంచి, వెల్డింగు చేసి, బూడిదరంగు పూసి యిచ్చు షెడ్లు వెలసినవి గాని, ఎవరి షెడ్డులో చేసినను అది గోద్రెజ్ బీరువాయే. "గోద్రెజ్ బీరువా పెట్టారా?" అని వియ్యపురాలు అడిగిన, ఆమె యడుగునది కంపెనీని గూర్చి కాదు. ఇక నైరుతిమూలను నిలిపి, కుబేరుని దిక్కగు ఉత్తరమునకు తలుపు తెరచుకొనునట్లు ఉంచుట, మొదటి తారీఖున జీతము దానిలో పెట్టుట, తలుపు తెరవగానే కలరా ఉండల వాసన ముఖమునకు కొట్టుట: రెండు తరముల తెలుగు మధ్యతరగతి జీవితము ఆ వాసనలో నున్నది.

ఇంతలో గోడ సన్నగిల్లుచుండెను. మట్టిపోయి ఇటుక వచ్చి మూరెడు గోడ తొమ్మిదంగుళములయ్యెను; సిమెంటు స్తంభములు వచ్చి బరువంతయు అవి మోయగా లోపలిగోడ నాలుగున్నర అంగుళములకు దిగెను. నాలుగున్నర అంగుళముల గోడలో గూడెచ్చట తొలుచుదుము? మేస్త్రీలు ఒక ఉపాయము పన్నిరి. గదికి ఒక ప్రక్కన, రెండు ఇటుకకట్టుల నడుమ అడుగున్నర లోతున సందు విడిచి, దానిలో అడ్డముగా కడప బండలు పొదిగి, కప్‌బోర్డు అనిరి. దాని నెత్తిన సజ్జ దింపి అటకకు బదులు చేసిరి. ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతముల నల్లని నాపరాయి అంగుళము మందమున గోడలో చొచ్చి, మూడువైపుల పట్టుకొని, ఎంత బరువు పెట్టినను వంగక, చెమ్మకు చెడక, చెదకు లొంగక నిలిచెను. నా దృష్టిలో అంతకు మించిన అర ఇంతవరకు రాలేదు. కాని అందమునకు ఓటుపడి, 1990 తరువాతి ఇండ్లలో అది వెనుకబడిపోయెను. బండలు పోయినవి, సందులు మిగిలినవి. స్తంభము గదిలోనికి పొడుచుకొని వచ్చి, దానికిని స్నానపుగది గోడకును నడుమ ఊరక మిగిలిపోయిన ఆ ఇరుకుమూలలను నింపవలెననియే నేడు మాడ్యులర్ బీరువాకు పిలుపు.

ఆ బీరువా పుట్టుక జర్మనీది. 1932లో మాక్స్ హిమ్మెల్‌హెబర్ అను నతడు, చెట్టుకొట్టి పలకలు తీయగా వ్యర్థమగు చెక్కముక్కలను జిగురుతో కలిపి, అదిమి, పలక చేయు పద్ధతికి పేటెంటు పొందెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసి, కూలిన నగరములలో లక్షలకొలది ఇండ్లు త్వరగా సమకూర్పవలసి వచ్చినప్పుడు ఆ పలకయే ఆధారమయ్యెను. రేఖలు లేని ఆ పలకను చిత్రిక పట్టనక్కరలేదు. యంత్రము కోసి, రంధ్రములు పెట్టిన చాలును. రంధ్రమునకును రంధ్రమునకును నడుమ 32 మిల్లీమీటర్లు; ఏలననగా, ఆనాటి యంత్రములో ప్రక్కప్రక్కన తిరుగు బరమాలను అంతకంటె దగ్గరగా అమర్చుటకు పండ్లచక్రములు అడ్డువచ్చినవట. ఒక యంత్రపు ఇబ్బంది ప్రపంచమునంతటి బీరువాలకు శాస్త్రమై కూర్చున్నది. స్వీడనులో 1943లో మొదలైన ఐకియావారు 1956లో సామానును విప్పి, చదునుగా కట్టి అమ్ముటకు పూనుకొనిరి. కొన్నవాడే ఇంట బిగించుకొనవలెను. భారతదేశమున వారి మొదటి దుకాణము 2018 ఆగస్టు 9న హైదరాబాదులో తెరచిరి. వారి బట్టలబీరువా చట్రములు 50, 75, 100 సెంటీమీటర్ల వెడల్పులలో దొరకును. లోతు 35 గాని, 58 గాని.

మా యింటి సందు లోతు 18 అంగుళములు, అనగా 45 సెంటీమీటర్లకు కొంచెము హెచ్చు. 58 పెట్టిన గదిలోనికి పొడుచుకొని వచ్చును. 35 పెట్టిన చేరెడు చోటు వెనుక చీకటిపాలగును. 58 ఏల యని విచారింపగా, అది కోటు లోతు. హాంగరుకు తగిలించిన కోటు భుజము పట్టవలెనన్న రెండడుగులు ఉండవలెను. "ఏమండీ, మన చీరలు కోట్లా? మడిచి పెడితే అడుగున్నర చాలదూ?" అని మా యింటావిడ అన్న మాటతో ఆ చర్చ ముగిసి, కొలతలిచ్చి చేయించుటకు నిశ్చయించితిమి. నేనే టేపు పట్టి, నడుమెత్తున, సందు వెడల్పు 40½ అంగుళములని కనుగొని, గాలి ఆడుటకు ముప్పావంగుళము విడిచి, 39¾ అంగుళముల బీరువాకు ఒక కార్ఖానావారికి కాగితము వ్రాసి యిచ్చితిని. వారు వ్రాసినది వ్రాసినట్లే చేసిరి. తెచ్చి, నలుగురు పట్టి నెట్టగా, బీరువా సందు వాకిట నిలిచి ముందునకు కదలలేదు. పైన రెండు ప్రక్కల వ్రేలు దూరుచున్నది. క్రింద పావంగుళము చాలదు.

ప్రక్కయింటి పనికి వచ్చిన ఒక వృద్ధ వడ్రంగి, గోదావరి సీమవాడు, గుమ్మములోనుండి చూచి నవ్వెను. "అయ్యగారూ, గోడ నేరం కాదండీ, వీళ్ళ నేరం అంతకన్నా కాదండీ. నడుము దగ్గర కొలిచారు, పాదాల దగ్గర కొలవలేదు" అనెను. వంగి చూడగా, నేలను ఆనుకొని నాలుగంగుళముల ఎత్తున స్కర్టింగు రాళ్ళు ఇటు అర అంగుళము, అటు అర అంగుళము గోడను దాటి నిలిచియున్నవి. అనగా అడుగున సందు 39½ అంగుళములే. ఎన్నియేండ్లుగా దినమునకు పదిమారులు చూచుచున్న రాళ్ళు!

అతడు సంచిలోనుండి తూకపుగుండు తీసి సజ్జ అంచునుండి వ్రేలాడవిడిచెను. ఎడమగోడ దారమును అంటియే దిగినది. కుడిగోడ పైన ముప్పావంగుళము వెనుకకు వాలియున్నది. వెడల్పును అడుగున, నడుమ, పైన, ముందును వెనుకను, ఆరుచోట్ల కొలిచి, ఆ అంకెలను గోడమీదనే పెన్సిలుతో గుర్తించి, వాటిలో చిన్నదానిచుట్టు సున్న చుట్టెను. బీరువాను కోయనీయలేదు. నాలుగుంబావు అంగుళముల ఎత్తున, 39 అంగుళముల వెడల్పున, ఒక కొయ్యపీట చేసి రెండు స్కర్టింగుల నడుమ దింపి, రసమట్టము పెట్టి క్రింద చెక్కలు పోటువేసి సరిచేసెను. అది స్కర్టింగు తలలకు పావంగుళము పైన ఉన్నది. సజ్జ ఎత్తు 84 అంగుళములు, బీరువా 78, పీటతో కలిపి 82¼. చాలునుకదా యని, బీరువాను పీటమీద పరుండబెట్టి లేపుదమని నే ననగా, అతడు తల అడ్డముగా త్రిప్పెను. లేచునప్పుడు దాని ఎత్తు 78 కాదు, మూలనుండి మూలకు 80. పీటతో కలిపిన 84 దాటి సజ్జకు తగులును. శుల్బసూత్రములు యజ్ఞవేదికి చెప్పిన కర్ణమును ఆ వృద్ధుడు ఏ పాఠశాలలోను చదువలేదు. సజ్జలను పగులగొట్టి, యజమానుల చీవాట్లు తిని నేర్చియుండును. బీరువాను గది నడుమనే నిలువుగా నిలిపి, ఎత్తి, పీటమీదికి జార్చిరి. ఈసారి సొరుగు జారినట్లు లోపలికి పోయినది.

ఎడమగోడకు ఆనించి నిలుపగా కుడిప్రక్కన సందు మిగిలెను: క్రింద ముప్పావంగుళము, పైన అంగుళమున్నర. కార్ఖానావారి పట్టీలన్నియు ఒకే వెడల్పువి, యంత్రము కోసినవి. అవి ఆ సందునకు ఒదుగలేదు. అతడు ఒక టేకుపట్టీని గోడకు ఆనించి, చిన్న చెక్కముక్కకు పెన్సిలు జతచేసి, గోడ వెంబడి పైనుండి క్రిందికి జార్చెను. గోడ వంకర యెంతయో అంతయు పట్టీమీదికి గీతగా దిగినది. పట్టీని మా బాల్కనీ గట్టుమీద బిగించి గీతవరకు చిత్రిక పట్టనారంభించెను. సన్నని తునకలు చుట్టలు చుట్టుకొని రాలుచుండగా మా మనుమరాలు వాటిని ఏరి గౌను జేబులో నింపుకొన్నది. రెండుమారులు తెచ్చి పెట్టి చూచి, మూడవమారు అరచేతితో తట్టెను. పట్టీ గోడను పట్టుకొని నిలిచినది. ఆ బీరువా మొత్తమున చిత్రిక తగిలిన కొయ్య అదొక్కటే.